రాయికి అలాయ్ బలాయ్

ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో కొత్త బండ్లను నడిపి పరీక్షించిన హారూన్, రిటైరయ్యాక న్యాల్‌కల్ దగ్గరి వాగులో కయాక్ పడవ నేర్చుకుంటున్నాడు. బండి ఒక పక్కకు ఒరిగితే రెండో పక్కకు వాలడం అతని ఒంటికి పట్టిన అలవాటు. మొన్న పడవ బండరాయికి తగిలినప్పుడూ అలాగే రాయికి అవతలి పక్కకు వాలాడు. ఆ పక్క అంచు మునిగి, ఎదురొచ్చే నీటి వడి పడవను బోర్లా తిప్పేసింది.

"రాయి దిక్కే ఒరగాలె చాచా! దానికి అలాయ్ బలాయ్ ఇయ్యి!" అని పడవ నేర్పే ప్రవీణ అరిచింది.

"మోకాళ్ల నొప్పులతోని గీ తమాషా ఎందుకు? ఇంటికి నడువున్రి," అంది గట్టు మీద నిలబడ్డ అతని భార్య కులసుం.

"పడవల కూసుంట గని నడుస్తనా?" అంటూ మెహందీ గడ్డం పిండుకుని మళ్లీ ఎక్కాడు. ఈసారి రాయి తగలగానే దాన్ని రెండు చేతులా కావలించుకున్నాడు. నీళ్లు పడవ కిందుగా జారిపోయాయి, పడవ నిలిచింది. అతను గట్టు వైపు కేకేశాడు: "నువ్వు నడువు బేగం! వాగుల కిందికి ఇంక మస్తు రాళ్లున్నయి!"