చల్లగాలికీ చినుకుకూ మధ్య వర్ధన్నపేట బస్సు

ఎండాకాలపు గాలివాన ఎలా సాగుతుందో దాని దారిలోనే ప్రయాణించి చూడాలని చాలాకాలంగా కోరిక. బడిపంతులు ఉద్యోగం నుంచి విరమించాక తీరిక దొరికింది. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం వాయవ్యాన నల్లమబ్బు గోడలా లేచింది. ఇలాంటివి ఎక్కువగా ఆగ్నేయానికే నడుస్తాయని వానల గురించి రాసుకున్న నా డైరీలు చెబుతున్నాయి. అందుకే రెండు పదికి వరంగల్లులో వర్ధన్నపేట బస్సెక్కాను. కండక్టరు టికెట్టు ధర ఇంకా అణాల్లోనే చెబుతున్నాడు, జనం నయాపైసల్లో ఇస్తున్నారు.

పక్కసీట్లో రాజవ్వ అనే రైతు, ఒడిలో కొత్త టార్పాలిన్ పట్టా. ఊరికి ఇవతల, రోడ్డు పక్కనే ఆమె కల్లం. అక్కడ మిర్చి ఆరబోసి, కప్పడానికి ఇది కొనుక్కుని వెళుతోంది.

"మిరపకాయ ఆడ, పట్టా ఈడ! తడిస్తే ఏడాది కష్టం బూజు వడతది సారూ," అంది.

రెండు యాభైకి ఇంజను కాగిపోయి బస్సు ఆగింది. నీళ్లు పోసేసరికి మూడు. అంతలో వెనకనుంచి దుమ్ము లేచి, చల్లగాలి కొట్టింది.

"అబ్బ, సల్లగైంది! ఇగ వాన పోయినట్టే," అన్నాడు కండక్టరు.

"పోలేదు నాయనా, వస్తోంది," అన్నాను. వెనక కురిసే వానలో చల్లబడిన గాలి బరువెక్కి కిందికి దిగుతుంది, నేలబారున ముందుకు పరుగెడుతుంది. అది ఎదురైన వేడిగాలిని, తేమతో సహా, పైకి ఎగదోస్తుంది. అక్కడ కొత్త మబ్బు పుడుతుంది. పాతది కురిసి అలిసేలోగా ముందు వరసలో కొత్తది సిద్ధం. అందుకే ఆ వరస గంటల తరబడి నడుస్తుంది. ఇదంతా చెప్పబోయాను.

"గవన్నీ తర్వాత చెప్దువుగాని సారూ. ఎంతసేపట్ల వస్తది?" అంది రాజవ్వ.

"పావుగంట."

డ్రైవరు యాక్సిలరేటరు తొక్కాడు. బస్సు దూకింది. మూడు పదికి కల్లం దగ్గర ఆగింది.

"దిగుండ్రి, అందరు దిగుండ్రి!" కండక్టరు అరిచాడు.

చేటలతో, కండువాలతో, చేతులతో మిర్చిని కుప్ప చేశాం. తుమ్ములే తుమ్ములు.

"అవ్వా, మా తుమ్ములు వరంగల్ టేషన్ దాక ఇనవడతన్నయ్!" అన్నాడొకాయన.

"తుమ్ము బిడ్డా, ఎత్తుకుంట తుమ్ము!" అంది రాజవ్వ.

పట్టా అంచులకు రాళ్లు పెడుతుండగానే వడగళ్లు మొదలయ్యాయి. ఎన్ని నిమిషాలకో నేను చూసుకోలేదు. పరుగెత్తి బస్సులో కూర్చున్నాం. అరగంటకు వాన వెలిసింది. రాజవ్వ పట్టా కొస ఎత్తి, ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించింది. లోపల గింజలు గలగలమన్నాయి.

"ఎండుగనే ఉన్నయ్!" అని కేకపెట్టింది.

వర్ధన్నపేట దాకా వెళ్లి, ఐదున్నరకు అదే బస్సులో తిరుగుప్రయాణం. రోడ్డు మీద విరిగిన కొమ్మలు, కడిగినట్టున్న ఆకాశం, మండే కళ్లు.

"రేపు మబ్బు వడతదా సారూ? చెప్పుండ్రి, నేను సెలవు పెడత!" అన్నాడు కండక్టరు.

ఎండాకాలంలో ఈ దారిన వెళ్లేవారికి ఒక మాట. ఉన్నట్టుండి చల్లగాలి తగిలితే హాయిగా కునుకు తీయకండి. కిటికీలోంచి చూడండి, ఎవరి కల్లమైనా ఇంకా ఆరబోసే ఉందేమో.