అవ్వ నెత్తురుకు గంజి పెట్టిన కథ

మిరపకాయ లేకుండా కరీంనగర్ జిల్లాలో ఒక సంసారం ఎంతకాలం నడుస్తుందో మీలో ఎవరికైనా తెలుసా? నాకు తెలుసు. నడవదు. నడిపించబోయి ఇల్లు పీకి పందిరి వేసిన మహానుభావుణ్ని నేనే కాబట్టి, ఆ ఘనకార్యం నా నోటితోనే వినండి. నవ్వడానికి మొహమాటపడకండి, మా చుట్టాలెవరూ పడలేదు.

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. సుల్తానాబాద్‌లో మాది రెండు మగ్గాల ఇల్లు. బాపు, నేను నేసేవాళ్లం, అవ్వ, అంటే మా అమ్మ, నూలు కండెలు చుట్టేది. ఒకరోజు అవ్వ రాట్నం ఆపి గోడ వైపు తిరిగి కూర్చుంది. అట్లా ఏడాది కూర్చుంది. పెడితే తినేది, లేకపోతే లేదు, మాటయితే అసలే లేదు. గాలి సోకిందన్నారు, తాయెత్తులు కట్టారు. చివరికి కరీంనగర్‌లో ఒక డాక్టరు మతికి కొత్త మందు ఇస్తున్నాడని తెలిసి తీసుకుపోయాం. ఆ గోలీలు మొదలుపెట్టాక కొంతకాలానికి అవ్వ ఇటు తిరిగి, "నీళ్లు" అంది. ఆ ఒక్క మాటకు బాపు మగ్గం గుంటలో కూర్చునే ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, కాకపోతే ఎవరూ చూడకుండా పెరట్లోకి పోయి.

ఆ సంతోషం మీద నెత్తురు పరీక్ష వచ్చి పడింది. డాక్టరు అద్దాల్లోంచి నన్ను చూసి చెప్పాడు.

"నెత్తుర్ల తెల్లకణాలు జర తక్కువైనయి. గీ మందుతోని ఒక్కొక్కల్లకు గట్లయితది. ఇయ్యాల్టి సంది గోలీ సగమే వెయ్యుండ్రి. మల్ల పరీక్ష చేద్దాం. ఇంకా తగ్గితే మందు బంద్ చెయ్యాల్సి వస్తది. నడుమల గొంతు నొచ్చినా, జరమొచ్చినా ఆగకుండ తీస్కరా. సమజైందా?"

"సమజైంది సార్."

ఏమీ కాలేదు. ఏడో తరగతి చదివినవాణ్ని, కాలేదని నలుగురి ముందు ఎట్లా అంటాను? నా బుర్రకెక్కినవి రెండే ముక్కలు. తెల్లది తగ్గింది, ఇంకా తగ్గితే మందు బంద్. మందు బందయితే అవ్వ మళ్లీ గోడ వైపు తిరుగుతుంది. ఆ భయంతోనే ఇల్లు చేరాను.

ఇంటికి రాగానే బాపును అడిగాను. "తెల్ల నూలు ఎట్ల కరాబయితది?"

"పక్కపొంటి ఎర్ర రంగు బాన వెడితే అయితది."

"మరి నూలుకు బలమెట్ల వస్తది?"

"గంజి వెడితే వస్తది. పుట్టినకాడికెంచి గదే జేస్తున్నవ్ గదరా, కొత్తగ అడుగుతున్నవేంది?"

చూశారా, వైద్యశాస్త్రం మొత్తం మా ఇంట్లోనే ఉంది. నెత్తుట్లో తెల్లది పెరగాలంటే ఎరుపు దగ్గరికి రాకూడదు, గంజి పడాలి. ఆ పూటే ఎండు మిరపకాయలు, కారం, తొక్కు జాడీ అన్నీ పక్కింటికి చేరాయి. అవ్వ ఎర్ర చీర పెట్టెలో పడి తాళం వేయించుకుంది. వంట నా చేతికి వచ్చింది. అన్నం, పెరుగు, ఉడికించిన సొరకాయ, పైన చెంబెడు గంజి.

మొదటి పూట అవ్వ కంచం వైపు చూసి, "కారం" అంది.

"లేదవ్వా. తెల్లయే తినాలె."

మర్నాడు ఆ మాట కొంచెం పెరిగింది. "కారమేదిరా?" ఆ తర్వాత ఇంకా పెరిగింది. "గిదేం కూరరా? ఉప్పు లేదు, కారం లేదు, వండినోనికి సిగ్గు లేదు." బాపు తల వంచుకుని తిన్నాడు. ఆయన మాత్రం నూలు చూసొస్తానని పోయి పక్కింట్లో తొక్కు నాకి వస్తున్నాడని నాకు తర్వాత తెలిసింది.

వారం తిరిగేసరికి అవ్వ తానే లేచి వంటింట్లో డబ్బాలన్నీ వెతికింది. దొరక్కపోయేసరికి వాకిట్లో నిలబడి వాడకంతా వినిపించింది.

"గీడు నన్ను మగ్గమెక్కిస్తడట. నూలుకు వెట్టినట్టు పొద్దుమాపు గంజి వెడుతుండు. బర్రె సుత ముట్టది గీ కుడితి. నన్నేం జేద్దామనుకున్నవ్‌రా, చెప్పు."

"అవ్వా, నీ మంచికే."

"నీ మంచిల మన్ను వడ."

ఇట్లా మూడు పూటలా జరిగింది. మీకు అర్థమైపోయి ఉంటుంది. నాకు కాలేదు. నేను ఆమె గోళ్లు, నాలుక చూస్తూ తెలుపు ఎక్కిందా లేదా అని తేల్చుకునే పనిలో ఉన్నాను.

ఒక పొద్దున అవ్వ నోరు తెరిస్తే గొంతు రాలేదు. వేలితో మెడ చూపించి, "నొస్తుంది" అని గుసగుసగా అంది. గొంతు నొస్తే ఆగకుండా తీసుకురమ్మన్న డాక్టరు మాట అప్పుడు బుర్రకెక్కింది. బాపును మగ్గం మీదనే వదిలి, అవ్వను బస్సెక్కించుకుని కరీంనగర్ పోయాను. దారంతా దండాలు పెట్టుకుంటూనే ఉన్నాను. అవ్వ మాత్రం గొంతు లేకపోయినా వేలు ఊపుతూ తిడుతూనే ఉంది.

డాక్టరు గొంతు చూశాడు, చెయ్యి పట్టి జ్వరం చూశాడు, నెత్తురు తీయించాడు. సాయంత్రానికి పిలిచాడు.

"తెల్లకణాలు మంచిగనే పెరిగినయి."

నేను ఛాతీ విరుచుకుని గంజి సంగతి, మిరపకాయల సంగతి మొత్తం చెప్పాను.

"నాయనా, అవి తిండి రంగును బట్టి రావు. గోలీ సగం జేసినం గద, అందుకు పెరిగినయి. మరి జరం లేదు, పుండు లేదు, గొంతెందుకు వోయిందమ్మా?"

అవ్వ నా వైపు చూపించింది. "గీన్ని తిట్టి తిట్టి."

డాక్టరు కలం కింద పెట్టాడు. ఏడాదిపాటు నోరు విప్పని మనిషి గొంతు, మాట్లాడి మాట్లాడి పోయిందని ఆయనకూ నాకూ ఒకేసారి తెలిసింది. నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి, సిగ్గుతోనా సంతోషంతోనా అంటే రెండింటితోనూ.

"సగం గోలీ సాలు" అన్నాడాయన. "నెత్తురు మాత్రం చూపిచ్చుకుంటుండాలె. గొంతుకైతే మందేం లేదు. రెండు రోజులు మాట్లాడకు."

ఇంటికొచ్చేసరికి బాపు అరుగు మీద ఉన్నాడు. మొహంలో రక్తం లేదు. "ఏమన్నడు డాక్టరు?"

"అంత మంచిగనే ఉన్నది బాపూ. రెండు రోజులు మాట్లాడొద్దన్నడు, అంతే."

బాపు అవ్వను పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టాడు. "ఏడాది ఊకున్నది గద" అన్నాడు. "గా రెండు రోజులు గా ఏడాదిలకెంచి కోసుకొమ్మను డాక్టర్ను."

అవ్వ ఆ బొంగురు గొంతుతోనే వెంటనే మళ్లీ మొదలుపెట్టింది.

కనుక సమస్త జనులకు ప్రమాణపూర్వకంగా తెలియజేసేదేమనగా, డాక్టరు చెప్పింది అర్థం కాకుండా ఈ జన్మలో మళ్లీ తల ఊపను. అవ్వ తిడుతున్నప్పుడు మాత్రం, అర్థమైనా కాకపోయినా ఊపుతాను.