అమ్మ ఒంట్లో ఆవిర్లు

గుడివాడలో మా పక్కింటివాళ్ళు ఎండునెత్తళ్ళు వేయించినప్పుడల్లా ఆ వాసన గోడ దాటి వస్తుంది, నా చేతిలో పని ఆగిపోతుంది. నాకిప్పుడు నలభై తొమ్మిదేళ్ళు. బందరు అవతల సముద్రపొడ్డున, ఇసుక మీద వలలు పరిచి చేపలు ఎండబెట్టుకుని బతికిన మా అమ్మకు ఈ వయసు రానేలేదు.

నాన్న వేటకు వెళ్ళాక అమ్మ గంప బస్సెక్కించుకుని గుడ్లవల్లేరు దాకా వెళ్ళి అమ్ముకొచ్చేది. తిరిగొచ్చేటప్పుడు ఆ గంపలో ఎండాకాలమైతే ముంజలు, కార్తీకంలో తేగలు ఉండేవి, అన్నిటికీ చేపల వాసనే. నాగుల చవితికి పుట్టలో పాలు పోసొచ్చాక నువ్వుల చిమ్మిలి ఉండలు మా దోసిళ్ళలో పెట్టేది. పక్కింటి నాగమణి పిన్నితో పరాచికాలాడుతూ అమ్మ నవ్విందంటే పడవల దగ్గరున్నవాళ్ళు కూడా తిరిగి చూసేవాళ్ళు.

నేను ఏడో తరగతిలో ఉండగా అమ్మకు నెలసరి ఎంతకీ ఆగేది కాదు. టౌన్లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గర్భసంచి తీసేశారు, దాంతోపాటు అండాశయాలు కూడా. అప్పటికి ఆమెకు ముప్పై నాలుగు. బరువులెత్తొద్దని చెప్పి పంపించారు. అంతకుమించి ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఆ చలికాలం, మేమంతా దుప్పట్లు కప్పుకుని పొయ్యి చుట్టూ చేరితే అమ్మ మెడమీంచి చెమట ధారగా కారేది. "ఒళ్ళంతా ఆవిర్లొస్తన్నాయే, నీళ్ళు పొయ్యవే" అంటూ పెరట్లోకి పరిగెత్తేది. ఒకసారి బస్సులో గుండెదడ వచ్చి, గంప వదిలేసి మధ్యలోనే దిగిపోయింది. ఆపైన బేరానికి వెళ్ళడమే మానేసింది. నిద్ర పట్టేది కాదు. ఊరికే ఏడ్చేది, నాన్న పలకరిస్తే కసిరేది. గాలి సోకిందన్నారు. నాయనమ్మ వేపమండలతో కొట్టించింది. తర్వాత మోపిదేవి తీసుకెళ్ళి పొర్లుదండాలు పెట్టించింది. తడిబట్టలతో గుడి చుట్టూ పొర్లుతున్న అమ్మ మధ్యలో ఆగి, నేల చల్లగా ఉందని కాబోలు, చెంప ఆనించి కళ్ళు మూసుకుంది.

"లేవే, అందరూ చూస్తన్నారు" అంది నాయనమ్మ.

అంత నెమ్మదిగా ఉన్న అమ్మ ముఖాన్ని మళ్ళీ చూడలేదు. నేను డిగ్రీలో ఉండగా అమ్మ తడి గచ్చుమీద కాలు జారిపడితే తుంటి విరిగింది. ఇంత చిన్న దెబ్బకేనా అని అందరూ ఆశ్చర్యపోయారు. మంచాన పడి, వీపంతా పుండ్లయి, ఆ వానాకాలం దాటలేదు.

నిరుడు నాకు నెలసరి ఆగి ఆవిర్లు మొదలైతే బందరులో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. చిన్న పిల్ల. ఇది జబ్బు కాదనీ, అలాగని ఓర్చుకుంటూ కూర్చోనక్కర్లేదనీ చెప్పి, మాత్రలు రాసింది, రోజూ కాస్త ఎండలో నడవమంది. నేను అమ్మ సంగతంతా చెప్పాను.

"అంత చిన్న వయసులో అండాశయాలు తీసేస్తే హార్మోన్ ఒక్కసారిగా ఆగిపోతుందండీ. ఆవిర్లు, గుండెదడ, ఏడుపు దానివల్లే వచ్చుంటాయి. ఎముకలూ గుల్లబారతాయి. మామూలుగా యాభై వచ్చేదాకా ఆ హార్మోన్ మాత్రల్లో ఇస్తాం."

"మాత్రలేనా?"

"మాత్రలేనండీ."

బయటికొచ్చి ఆసుపత్రి మెట్లమీద కూలబడ్డాను. అమ్మ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

పోయిన నెల పల్లెకు వెళ్ళాను. చేపలెండబెట్టిన ఇసుక లేదు, అంతా రొయ్యల చెరువులే. మా ఇళ్ళ వరసలో మిగిలింది నాగమణి పిన్ని ఒక్కతే. డాక్టరమ్మ మాటలు ఆమెకు చెప్పాను. అమ్మకు పట్టింది దెయ్యం కాదన్నాను.

"నాకూ వచ్చినియ్యే ఆవిర్లు. మండలతో మీ అమ్మని కొడతంటే చూసినదాన్ని గదా, ఎవరికి చెప్పుకుంటాను?" అంది పిన్ని.

మా వరసలో ఇంకెందరు ఆడవాళ్ళు అలా నోరు మూసుకుని పోయారో అడుగుదామంటే, ఇప్పుడక్కడ పిన్ని ఇల్లు తప్ప ఇళ్ళే లేవు.