ఉయ్యూరు మాస్టారి ఫ్రెంచి వాచీ

నాకు పాత వాచీల పిచ్చి ఉందని మా ఇంట్లోవాళ్ళకీ, నా పేషెంట్లకీ, ఆఖరికి గుణదలలో మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌కీ తెలుసు. ఆ పిచ్చిలో నేను చేసిన ఒక పని మాత్రం ఎవరికీ తెలియదు. మా ఆవిడకు కూడా చెప్పలేదు. చెబుదామని రెండు మూడుసార్లు నోరు తెరిచి, కాఫీ అడిగి ఊరుకున్నాను.

నేను పళ్ళ డాక్టర్ని. బెంజ్ సర్కిల్ నుంచి రెండు వీధుల లోపలికి, ఒక మందుల షాపు మేడ మీద నా క్లినిక్. పళ్ళు పీకుతాను, కడతాను, అరగదీస్తాను. ఇది చేతి పని. కట్టుడు పళ్ళ సెట్టు నేను నునుపు చేశానంటే నాలుకకు ఎక్కడా గరుకు తగలకూడదు. తగలదు కూడా. ఈ మాట చాలామందితో చాలాసార్లు అన్నాను. అనడం నాకు ఇష్టం.

వాచీల్లోనూ నా కంటికి అన్నీ ఆనవు. ఫ్రాన్సులో, స్విట్జర్లాండు సరిహద్దు కొండల దగ్గర, ఒక పాత కంపెనీ ఉంది. తరతరాలుగా వాచీలు చేసినవాళ్ళు. పేరు ఇక్కడ రాయను, ఇందులో వాళ్ళ తప్పేమీ లేదు. వాళ్ళ పాత వాచీలు పల్చగా, ఆర్భాటం లేకుండా ఉంటాయి. తెల్ల డయలు, బంగారు రంగు సన్న ముళ్ళు. రోజూ కీ ఇవ్వాలి. నేను అవే కొంటాను, వేరేవి చూడను. పదిహేనేళ్ళలో నలభై దాకా పోగేశాను. మా వాచీల వాళ్ళకొక వాట్సాప్ గ్రూపు ఉంది, అందులో నాది పెద్దమనిషి హోదా. కొత్తగా చేరినవాళ్ళకు నేను చెప్పే మొదటి మాట, పాత వాచీని పాలిష్ చేయించొద్దని. గీతలు దాని వయసు, ఒకసారి పోతే మళ్ళీ రావు అని పెద్ద ఉపన్యాసమే ఇచ్చేవాణ్ణి.

వాటిలో నేను అందరికీ ముందుగా చూపించేది ఒకటుంది. దాని వెనక మూత మీద ఫ్రెంచిలో రెండు వరుసలు చెక్కి ఉన్నాయి. పాండిచ్చేరిలో తెలిసినాయన్ని పట్టుకుని అర్థం చెప్పించుకున్నాను. ‘నా కొడుక్కి, ఉద్యోగంలో మొదటి రోజున, అమ్మ’ అని. ఆ తల్లి ఎవరో, కొడుకు ఎవరో, ఏ ఊరో నాకు తెలియదు. అయినా పంటి నొప్పితో వచ్చినవాళ్ళకు కూడా చూపించేవాణ్ణి. ఇంజక్షన్ ఇచ్చాక చిగురు మొద్దుబారేదాకా ఆగాలి కదా, ఆ కాసేపట్లో వాచీ తీసి వాళ్ళ చేతిలో పెట్టేవాణ్ణి. ఒకసారి ఆ తల్లి సంగతి చెబుతూ చెబుతూ నాకే కళ్ళు చెమర్చాయి.

నా వాచీలు బాగుచేసే పెద్దాయన ఒకాయన వన్ టౌన్‌లో ఉండేవారు. ఆయన పోయారు, కొట్టు మూసేశారు. కొన్నాళ్ళకు వాళ్ళావిడ కబురు చేశారు. రిపేరుకిచ్చి మళ్ళీ రానివాళ్ళ వాచీలు సొరుగుల్లో ఉండిపోయాయి, మొత్తం తీసుకెళ్ళమన్నారు.

“ఏది ఎవరిదో నాకు తెలియదండీ డాక్టరు గారూ. ఆయన ఎక్కడా రాసుకునేవారు కాదు, అంతా బుర్రలోనే. ఎవరన్నా అడిగితే మీ దగ్గరున్నాయని చెబుతాను” అన్నారావిడ.

అలాగేనండీ అన్నాను. నా ధ్యాసంతా సంచీ మీదే ఉంది.

ఇంటికొచ్చి బల్ల మీద గుమ్మరిస్తే వాటిలో ఒకటి నా కంపెనీ వాచీ. డయలు మీద మరక లేదు, ముళ్ళు మొదటివే. ఎగిరి గంతేసినంత పని చేశాను. తిప్పి చూస్తే వెనక మూత నిండా తెలుగు అక్షరాలు.

మన ఇళ్ళలో స్టీలు గిన్నెల మీద పేర్లు వేయిస్తారే, పెళ్ళిలో పెట్టిన బిందెల మీద, గృహప్రవేశానికి పంచిన గ్లాసుల మీద, మిషనుతో చుక్కలు చుక్కలుగా కొడతారే, అవే అక్షరాలు. అంచులదాకా కిక్కిరిసి మూడు వరుసలు. పైన ఎవరిదో పేరు, దాని కింద ‘ఉయ్యూరు’, ఆ కింద ‘దొరికినవారు ఇవ్వగలరు’.

ముందు నవ్వొచ్చింది, ఆ తర్వాత ఒళ్ళు మండింది. ఫ్రాన్సు నుంచి వచ్చిన వస్తువుకి అన్నం గిన్నెకి వేసినట్టు పేరు వేయించిన మహానుభావుడెవడో అనుకున్నాను. ఆ పేరేమిటో నిదానంగా చదవను కూడా చదవలేదు. ఉయ్యూరు ఇక్కణ్ణుంచి బస్సెక్కితే గంట దారి. వెళ్ళి వాకబు చేయాలన్న ఆలోచన ఆ రోజు నాకు రాలేదని రాసుకుంటే ఇప్పుడు తేలిగ్గా ఉంటుంది. వచ్చింది. వస్తే, ఇంత పాత రాత, మనిషి ఉన్నాడో లేడో అని దాన్ని పక్కకు నెట్టేశాను.

మర్నాడు మధ్యాహ్నం పేషెంట్లు లేనప్పుడు మూత ఊడదీసి క్లినిక్‌లో కట్టుడు పళ్ళు నునుపు చేసే మోటారు దగ్గర కూర్చున్నాను. ముందు గరుకు కాగితం బిళ్ళ, తర్వాత రబ్బరు చక్రం, ఆఖరున మెరుగు ముద్ద. చుక్కలు లోతుగా ఉన్నాయి, అరగంట పైనే పట్టింది. వేలితో తడిమి చూసుకున్నాను. ఎక్కడా గరుకు తగల్లేదు. ఈల వేసుకుంటూ చేతులు కడుక్కున్నాను.

ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. ‘అన్నం గిన్నె మళ్ళీ వాచీ అయింది’ అని రాశాను. బోలెడన్ని నవ్వు బొమ్మలు వచ్చాయి. పాలిష్ చేయొద్దని మీరే అన్నారు కదా అని ఒక్కరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి జవాబు సిద్ధంగానే ఉంచుకున్నాను.

నాలుగు నెలలయ్యాక, మంచి ఎండలో, ఒక పెద్దాయన, ఆయన కూతురు క్లినిక్‌కి వచ్చారు. ఆవిడకు నలభై అయిదేళ్ళుంటాయేమో, బడిలో పంతులమ్మనని చెప్పింది. ఆయన నల్ల కళ్ళజోడు పెట్టుకుని, కూతురి భుజం మీద చెయ్యి వేసి మెట్లెక్కి వచ్చారు. ఇస్త్రీ చొక్కా చెమటకు తడిసిపోయి ఉంది. నేను పళ్ళ కుర్చీ వైపు చెయ్యి చూపించాను.

“పంటి కోసం కాదండీ డాక్టరు గారూ. వన్ టౌన్‌లో వాచీల కొట్టావిడ మీ అడ్రసు ఇచ్చారు. నాన్నగారి వాచీ వాళ్ళ దగ్గర రిపేరుకిచ్చాం. ఈలోగా అమ్మకు బాగోలేక హాస్పిటళ్ళ చుట్టూ తిరిగాం, అమ్మ పోయింది, ఆ తర్వాత నాన్నగారి కళ్ళు. ఇంక వాచీ సంగతి ఎవరికి గుర్తుంటుందండీ” అందావిడ.

“ఉయ్యూరండీ మాది. హైస్కూల్లో తెలుగు చెప్పేవాణ్ణి. మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నామేమో” అన్నారాయన.

ఉయ్యూరు అనగానే మూత మీది రెండో వరుస నా కళ్ళ ముందు కదిలింది. “కూర్చోండి మాస్టారూ” అన్నాను, ఎలాగో.

ఆయన కూర్చుని, నేను అడక్కుండానే చెప్పుకొచ్చారు. యానాంలో భార్య తరఫు పెద్దాయన ఒకరు పెళ్ళికి పెట్టిన వాచీ అట. ఈయనకేమో మతిమరుపు. బడిలో కుళాయి దగ్గర, మంగలి కొట్లో, ఎక్కడ తీస్తే అక్కడే వదిలేసి వచ్చేవారట.

“మా ఆవిడ గిన్నెలకు పేర్లు వేయించడానికని బెజవాడ వచ్చి, దీనికీ వేయించుకొచ్చిందండీ. నా పేరు, ఊరు, దొరికినవారు ఇవ్వగలరు అని. నేను ఎగిరిపడ్డాను. ఫ్రెంచి వాచీ మీద గిన్నెల రాతలేంటే, నలుగుర్లో వాచీ ఎలా తీయమంటావు అని వారం రోజులు మాట్లాడలేదు.” ఆయన నవ్వారు. “ఆ తర్వాత రెండుసార్లు పోయిందండీ. రెండుసార్లూ ఇంటికొచ్చింది. ఒకసారి బందరు బస్సు కండక్టరు తెచ్చిచ్చాడు. ఇంకోసారి చెరుకు బండి తోలుకునేవాడు. పాపం వాడికి చదువు రాదు. దారిలో ఎవరిచేతో చదివించుకుని, బండి చక్కెర ఫ్యాక్టరీ దగ్గర నిలబెట్టి నడుచుకుంటూ వచ్చాడు.”

నేను ఫ్యాను వేగం పెంచాను.

“ఇప్పుడు టైముతో నాకేం పని లెండి. నీటికాసులొచ్చి చూపు మొత్తం పోయింది. ఆవిడ ఫోటో ఉన్నా ఏం చూస్తాను? ఆ రాత అయితే వేలికి తెలుస్తుందండీ. చుక్కలు కదా. ఆవిడ చెప్పి వేయించిన మాటలు. ఒక్కసారి తడుముకుందామని” అన్నారు.

చెప్పడానికి అదే సమయం. మాస్టారూ, ఆ వాచీ నా దగ్గరే ఉంది, అక్షరాలు నేనే అరగదీశాను, తెలియక చేశాను, క్షమించండి. ఎంతసేపు పడుతుంది ఇంత మాట అనడానికి? అనలేదు. ‘తెలియక’ అన్న మాట అబద్ధమని నాకు తెలుసు. ఊరు పేరు చదివే చెరిపాను.

“కొన్ని ఉన్నాయండీ, చూడండి” అని లోపలికి వెళ్ళాను. ఆ రకం వాచీలు క్లినిక్ బీరువాలో మూడున్నాయి. వేరేది చూపించి పంపేయొచ్చు. కానీ ఆయన వాచీనే తీశాను. ఎలాగో ఆయనే కనిపెట్టేస్తే నాకు చెప్పే పని తప్పుతుందని ఆశ. నా పిరికితనం అలాంటిది. కీ ఇచ్చి తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

ఆయన ముందు చెవి దగ్గర పెట్టుకున్నారు. మొహం వెలిగింది.

“చప్పుడు అచ్చం మనదే అమ్మా” అన్నారు కూతురితో.

“చూడ్డానికీ అలాగే ఉంది నాన్నా. పట్టీ ఒక్కటే వేరేది” అందావిడ.

పట్టీ నేనే మార్చాను. ఆయన వాచీ తిప్పి, వెనక మూత మీద బొటనవేలు పెట్టారు. ఒకసారి అడ్డంగా రుద్దారు, ఒకసారి నిలువుగా. వేలు చొక్కాకు తుడుచుకుని మళ్ళీ రుద్దారు. అంచు వెంట చుట్టూ గోటితో మెల్లగా గీరి చూశారు. నా చేతి పని మీద ఆయన వేలు ఎక్కడా ఆగలేదు. నేను నిలబడి చూస్తున్నాను. ఇంత సిగ్గు నా జన్మలో ఎప్పుడూ పడలేదు. గోడ మీద నా డిగ్రీ పటాన్ని కూడా తీసి దాచేద్దామనిపించింది.

“కాదమ్మా. ఇది మనది కాదు” అన్నారాయన.

వాచీ రెండు చేతులతో నాకు తిరిగి ఇచ్చారు. ఆ ఇవ్వడంలో ఎంత జాగ్రత్త ఉందంటే, నేను తీసుకోలేకపోయాను.

“మీ దగ్గరే ఉంచుకోండి మాస్టారూ. చప్పుడు అదేగా. నాకు ఇలాంటివి చాలా ఉన్నాయి” అన్నాను. చివరి మాట ఎందుకన్నానో, అది కూడా గొప్పలాగే వినబడింది.

“అయ్యో, వద్దండీ. ఎవరిదో వస్తువు మనకెందుకు? వాళ్ళూ వెతుక్కుంటూ ఉంటారు పాపం” అన్నారు. అని, నేనేమైనా నొచ్చుకున్నానేమోనని, తడుముకుని నా మోచెయ్యి పట్టుకున్నారు. “మీరు మంచివారు డాక్టరు గారూ. అడగ్గానే తీసి చూపించారు.”

కూతురు నా ఫోన్ నంబరు రాసుకుని, వాళ్ళ నాన్నగారి పూర్తి పేరు చీటీ మీద రాసిచ్చింది. “వాచీలవాళ్ళు మీకు చాలామంది తెలుసునటగా. ఎవరి దగ్గరైనా కనబడితే ఒక్క మాట చెప్పండి సార్. మూత మీద రాత ఉంటుంది కదా, గుర్తుపట్టడం తేలికే” అంది. తప్పకుండా అన్నాను. వాళ్ళు దిగివెళ్ళాక మూతను పెద్ద భూతద్దం కింద, లైటు ఏటవాలుగా పెట్టి చూశాను. ఒక్క చుక్కయినా మిగిలి ఉంటే పరుగెత్తికెళ్ళి బస్సు దగ్గర పట్టుకుంటానని నాకు నేను మాటిచ్చుకున్నాను. ఏమీ మిగల్లేదు. పని అంత బాగా చేశాను మరి.

దిద్దుకునే ప్రయత్నం ఒకటి చేశాను, అదీ రాస్తాను. వారం తర్వాత ఆ మూత జేబులో వేసుకుని, వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల కొట్లో గిన్నెలకు పేర్లు వేసే అతని దగ్గరికి వెళ్ళాను. మూడు వరుసలూ మళ్ళీ వేయించి, దొరికిందని చెప్పి ఇచ్చేద్దామని. అతను మూత అటూ ఇటూ తిప్పి, “ఎవరు ఇస్తున్నట్టు వేయమంటారండీ?” అని మామూలుగా అడిగాడు. అందరినీ అడిగే మాటే. నాకు మొహం చెల్లలేదు. ఒకసారి చెరిపింది చాలక, గుడ్డివాడి వేలిని మోసం చేయడానికి బయల్దేరానని అక్కడ నిలబడ్డాక తెలిసింది. మూత తీసుకుని వచ్చేశాను. ఆ పాత ఫోటోను నా ఫోన్లోంచి తీసేశాను, గ్రూపులోంచీ బయటికి వచ్చాను. ఫ్రెంచి తల్లి వాచీని ఎవరికీ చూపించడం లేదు.

ఉయ్యూరు వెళ్ళి నిజం చెప్పాలి. ఇంతే చేయాల్సింది. రెండుసార్లు బందరు రోడ్డెక్కి కంకిపాడు దాకా కారు నడుపుకుంటూ వెళ్ళి వెనక్కి తిరిగాను. ఆ పెద్దాయన కోప్పడతారని కాదు. కోప్పడరని నాకు తెలుసు, అందుకే భయం.

కూతురు నెలకోసారి ఫోన్ చేసేది. ఏమైనా తెలిసిందాండీ అనేది, ఇంకా లేదండీ అనేవాణ్ణి. మొన్న చేసినప్పుడు ఆవిడ అడగలేదు.

“ఊరికే చేశానండీ, మీకు థాంక్స్ చెబుదామని” అంది. “నాన్నగారు ఇంతకుముందు బెజవాడ వెళ్ళే ప్రతివాళ్ళకీ చెప్పి వాచీల కొట్లలో అడిగించేవారు. ఇప్పుడు ఎవర్నీ అడగొద్దంటున్నారు. డాక్టరు గారు చూస్తున్నారుగా, ఆయన చూశాక ఇంక మనం వెతికేదేముంది అంటున్నారు. మనసు నిమ్మళంగా ఉందండీ ఆయనకి.”

నేను ఏదో అనాలి. అవతల ఆవిడ ఆగి ఉంది, వెనకాల ఆయన దగ్గు వినబడుతోంది.

“చూస్తున్నానండీ” అన్నాను.