మూడు వారాలు ఎర్ర సముద్రం ఒడ్డునే

పిరికివాళ్లు మీరు. అవును, ఇది చదువుతున్న మీరే. మీ సంఘం పెద్దకి ఇక చేతకావడం లేదని తెలిసినా ఎదురుగా నోరు విప్పరు... వెనక్కి వెళ్లి నవ్వుకుంటారు. ఆయన పోయాక ఫ్లెక్సీ కట్టి, కొడుకుని తెచ్చి అదే కుర్చీలో కూర్చోబెడతారు. దానికి గౌరవం అని పేరు!

మా చిన్నప్పుడు... తొంభైల చివర్లో... అద్దంకి దగ్గర మా ఊళ్లో ముప్పై గడపల వాళ్లం యూదుల ప్రార్థన చేసుకునేవాళ్లం. నమ్మరా? మానేయండి. శుక్రవారం పొద్దుగూకేవేళ దీపం పెట్టుకుని, శనివారం కూలికి వెళ్లని మిరపకోత కూలీలం మేం.

రేకుల మందిరం, ఈత చాపలు... మా పెద్ద ఏలీయా తాత. మోషే గ్రంథాలు ఐదింటినీ వారానికో భాగం చొప్పున చదువుతూ ఏడాదికి పూర్తి చేయడం మా పద్ధతి. ఆ చదివేది తాతే. గొంతు ఖంగుమనేది...

ఆ ఏడు కాయ కళ్లాల్లో ఎండుతున్న రోజులు. మోషే వెంట జనం దాటిపోవడానికి ఎర్ర సముద్రం పాయలయ్యే భాగం వచ్చింది. తాత బ్రహ్మాండంగా చదివాడు. తర్వాతి శనివారం మళ్లీ అదే చదివాడు. ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం... పెద్దాయన కదా, ఏదో ఉద్దేశం ఉంటుందిలే అనుకున్నాం. మూడో శనివారమూ అదే సముద్రం!

సోమవారం చేలోకి దిగామో లేదో, పక్క సాలులో కోస్తున్న అంకమ్మ అందుకుంది. "ఏం శారమ్మత్తా, ఇంకా ఒడ్డునే ఉన్నారంటగా? మా ఎడ్లబండి పంపమంటావా?"

చేనంతా నవ్వింది. మా నాయనమ్మ శారమ్మ నవ్వలేదు.

ఆ కోత ముఠాకి మేస్త్రి ఆవిడే. అక్షరం ముక్క రాదు. ఆ మధ్యాహ్నం అన్నం మూట విప్పకుండానే నన్ను వెంటబెట్టుకుని ఏలీయా తాత ఇంటికి నడిచింది.

"అన్నయ్యా, మమ్మల్నెప్పుడు దాటిస్తావు?"

తాత మంచం నవారు తడిమాడు. "అక్షరాలు కనపట్టంలా శారమ్మా. ఆ ఒక్క భాగమే నోటికొచ్చు. చెబితే ఇంటికి పంపించేస్తారని..."

"ఎక్కడికి పంపిస్తాం? మా ముఠాలో మేస్త్రికి చూపు తగ్గితే పంపించేస్తామా?"

పంపించరు. నేను కళ్లారా చూశాను. పాత మేస్త్రే కొత్త మేస్త్రి నడుముకి కోసిన కాయ వేసుకునే ఒడి కడుతుంది. ఆ ఒడి కట్టడమే ముఠా అప్పజెప్పడం. ఆ కోత అయ్యేదాకా పాతావిడ కొత్తావిడ పక్క సాలులోనే ఉంటుంది... తెలియనిది చెప్పడానికి. అడిగితేనే చెప్పాలి. అడక్కుండా చెబితే ముఠా అంతా దెప్పుతుంది!

ఆ వారమంతా నాయనమ్మ గడప గడపకీ తిరిగింది. ఎవరిని పెట్టుకుందాం అని అడగలేదు చూడండి... "పెద్దాయన తప్పుకుంటే మీకు ఏం పోతుంది?" అని అడిగింది. పిల్లలకి పేరు పెట్టే చెయ్యి అన్నారు. చావింట్లో పక్కన కూర్చునే మనిషి అన్నారు. చదివే గొంతు అన్నవాళ్లు ముప్పై ఇళ్లలో ఇద్దరు! అంటే పోవాల్సింది పెద్దాయన కాదు, పుస్తకం ఒక్కటే చేతులు మారాలి. ఎవరి చేతికి? బడిపంతులమ్మ రూతమ్మత్త చేతికి. బాగా చదవగలిగింది ఆవిడొక్కతే.

శనివారం నాయనమ్మ ఆ మాట చెప్పగానే మందిరం దద్దరిల్లింది. తాత కొడుకు నాతాను లేచి, "మా నాయన కట్టిన మందిరం ఇది! ఆయన తర్వాత నేను" అన్నాడు. "లేకపోతే మా బంధువులంతా రేపట్నుంచి రారు."

"మీ నాయన కట్టాడా? ఇటుకలు మోసింది నా నెత్తి రా అబ్బాయ్!" అంది నాయనమ్మ.

వెనకనించి ఎవరో, "అయినా ఆడమనిషి చదవటమేంటి?" అన్నారు.

"మూడు వారాలు ఒడ్డున నిలబెట్టింది మగోడేగా!" అని ఆడవాళ్ల వైపునించి జవాబొచ్చింది.

నవ్వులు... ఆ నవ్వుల మధ్య ఏలీయా తాత గోడ పట్టుకుని లేచాడు. "నాకు కళ్లు కనపడవు. మీకు చెప్పకుండా దాచాను. తప్పు నాది" అన్నాడు. తడుముకుంటూ వెళ్లి రూతమ్మత్త చేతుల్లో పుస్తకం పెట్టాడు. "చదువమ్మా. నేను పక్కనే ఉంటా. అడిగితేనే చెబుతా."

నాతాను తల దించుకుని తండ్రిని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. ఒక్క ఇల్లూ విడిపోలేదు.

ఆ రోజు రూతమ్మత్త ఆగిపోయిన భాగాలన్నీ కలిపి చదివింది. సముద్రం దాటాం... సీనాయి కొండ చేరాం... ఇళ్లలో అన్నాలు చల్లారిపోయాయి, ఒక్కరూ కదల్లేదు. చివర్లో అందరికంటే గట్టిగా "ఆమేన్" అన్నది ఏలీయా తాత. బతికినన్నాళ్లూ ఆ గొంతే గట్టిగా వినపడేది.

చదువురాని కూలీ మనిషి చేయించిన పని అది. మా నాయనమ్మ! నాకు గర్వం కాక మరేమిటి?

ఇప్పుడు మందిరానికి స్లాబు పడింది, మైకు వచ్చింది, కమిటీకి వాట్సాప్ గ్రూపూ వచ్చింది. రూతమ్మత్త తనే నోరు తెరిచి "ఇక తప్పుకుంటాను" అని ఆర్నెల్లుగా అంటోంది. గ్రూపులో జవాబు... రెండు చేతులు జోడించిన బొమ్మలు. అప్పటి రేకుల మందిరమే నయం, మనుషులు మాట్లాడుకునేవాళ్లు.

అందుకే, మా కమిటీనీ మిమ్మల్నీ కలిపే అడుగుతున్నాను.

పెద్ద బతికుండగానే వారసుణ్ణి తేల్చండి.
ఆ వారసుడు కొడుకే ఎందుకు కావాలో నలుగురిలో చెప్పండి.
తప్పుకున్న మనిషికి పక్కన చాప వేయండి.
వారసుల జాబితాలో ఆడవాళ్ల పేర్లు చివర్లో కాదు, ముందు రాయండి.
మీ ఊళ్లో బతికుండగా కుర్చీ దిగినవాళ్లెవరైనా ఉంటే వాళ్ల కథ కింద రాయండి. లేకపోతే ఎందుకు లేరో రాయండి.
రూతమ్మత్తకి ఈ శనివారం జవాబు చెప్పండి. నోటితో.