యంత్రం కంటికి అడ్డొచ్చిన సాలీడు

మా కడప వైపు ఒక చిన్న విమానాశ్రయంలో వాతావరణ పరిశీలకుడిగా చేరిన కొత్తలో ఒక ఉదయం, రన్‌వే పక్కన ఎంత దూరం కనిపిస్తుందో కొలిచే యంత్రం దట్టమైన పొగమంచు ఉందని చూపించింది. కిటికీలోంచి చూస్తే కొండలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. విమానం రావడానికి ఇంకో గంటే ఉంది. రన్‌వే వైపు వెళ్లేందుకు కంట్రోల్ టవర్ అనుమతి తీసుకుని జీపులో బయలుదేరాను.

యంత్రం కంటికి అడ్డంగా సాలీడు గూడు అల్లుకుని నింపాదిగా కూర్చుంది. చేనేత ఇంట్లో పుట్టిన మా జీపు డ్రైవరు వంగి చూశాడు.

"ఇంత సన్నని నేత మా నాయనకు గూడా రాదు సార్. నిదానంగా తీయండి, దానికి దెబ్బ తగులుతాది," అన్నాడు.

అతనే దాన్ని పుల్ల మీద ఎక్కించుకుని తంగేడు పొద మీద వదిలాడు. నేను అద్దం తుడిచాను. వెనక్కి వచ్చేసరికి తెర మీద అంకె సరిగ్గా ఉంది. విమానం వేళకే దిగింది. ఉద్యోగంలో నేను సరిచేసిన మొదటి లోపం అదే. వెంటనే అమ్మకు ఫోన్ చేసి గొప్పగా చెప్పుకున్నాను.