అయ్యో అనని ఇల్లు

నాయన పోయాక బడికి తిరిగి వెళ్లిన రోజు, ఐదో తరగతికి ఇంగ్లీషు వ్యాకరణంలో ఇంటర్జెక్షన్ల పాఠం వచ్చింది. ఇంకో రోజుకు వాయిదా వేయొచ్చు. వేయలేదు. మార్కాపురంలో ఒకప్పుడు పలకల గనులు మావి. మా తాత వీధిలో నడిస్తే దుకాణాల ముందు కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారు. ఇప్పుడు గనులు లేవు. నేను ఒక చిన్న ప్రైవేటు బడిలో పాఠాలు చెప్తాను. చెప్పేది సరిగ్గా చెప్తాను.

సంతోషమో బాధో ఆశ్చర్యమో మనసులో ఒక్కసారిగా పుడితే, ఆలోచించేలోపే నోటి నుంచి వచ్చేసే మాట ఇంటర్జెక్షన్ అని బోర్డు మీద రాశాను. వావ్, హుర్రే, ఔచ్, అలాస్. వాక్యంలో మిగతా మాటలతో దానికి సంబంధం ఉండదు. తీసేసినా వాక్యం చెడదు. చెప్పినవాడి మనసు మాత్రం తెలియకుండా పోతుంది.

పిల్లలకు ఈ పాఠం పండుగ. అరవమని టీచరే చెప్పే పాఠం ఇదొక్కటే. "కాలికి ముల్లు గుచ్చుకుంటే ఏమంటారు?" అని అడిగితే "ఔచ్!" అని కిటికీలు అదిరేలా అరిచారు. వెనక బెంచీ పిల్లవాడు లేచి, "మా అవ్వకు గుచ్చుకుంటే ఔచ్ అనదు మేడమ్, ముల్లును తిడతాది" అన్నాడు. అందరూ నవ్వారు.

అలాస్ దగ్గరికి వచ్చాను. అంటే అయ్యో, దుఃఖంలో అనే మాట అని వివరించి, ఒకసారి పలికి చూపించాను.

ముందు బెంచీ పిల్ల మొహం చిట్లించింది. "అయ్యో అన్నట్టు లేదు మేడమ్. హాజరు పిలిచినట్టుంది."

"అయితే నువ్వు చెప్పు చూద్దాం."

ఆ పిల్ల రెండు చేతులూ తల మీద పెట్టుకుని "అలా...స్!" అని సాగదీసింది. క్లాసంతా అందుకుంది. పుస్తకంలోని వాక్యం, "అలాస్! హి ఈజ్ డెడ్" అని, పాటలా మొదలైంది. ఇంతలో ఎవరో ఎవరినో మోచేత్తో పొడిచారు. "ఒరేయ్, ఆపండ్రా. మేడమోళ్ల నాయన..." గొంతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"ఆపమని నేను చెప్పానా? మళ్లీ చెప్పండి" అన్నాను.

చెప్పారు. ఈసారి నాలాగే, హాజరు పిలిచినట్టు.

ఆ పిల్ల అన్నది నిజమే. మా ఇంట్లో గొంతెత్తి ఏడ్చే అలవాటు లేదు. తాత పోయినప్పుడు మా ఆడవాళ్లు లోపలి గదిలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. వీధిలో మాత్రం, గనుల్లో పనిచేసేవాళ్ల పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లు ఆయన చేసిన మంచి ఒక్కొక్కటే తలుచుకుంటూ "నా తండ్రో" అని శోకాలు పెట్టారు. మా బదులు వాళ్లు ఏడ్చారు. గొప్పింటికి అదే లక్షణమని నాకు నేర్పారు. చివరి గని చేజారిన రోజు నాయన ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుని, అన్నానికి కూర్చుని, పప్పులో ఉప్పు తగ్గిందని మాత్రం అన్నారు.

మంచం పట్టాక ఒకరోజు నన్ను పిలిచారు. "నేను పోతే పల్లెలకు కబురు పెట్టొద్దు. మన దగ్గర ఇప్పుడు ఏముందని వస్తారు? పిలిచినాక రాకపోతే, చచ్చి కూడా తల దించుకోవాల." సరేనన్నాను. ఆ మాట నిలబెట్టాను.

ఆయన్ను వరండాలో పడుకోబెట్టిన పొద్దున ఇరుగుపొరుగు నలుగురు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు. గిద్దలూరు నుంచి మేనత్త వచ్చింది. ఆమె ఏడుస్తుందని అందరూ పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఆమె తమ్ముడి నుదుటి మీద చేయి పెట్టి, తీసి, గోడ పక్కన నిటారుగా కూర్చుంది. ఆమె కూడా ఈ ఇంటి బిడ్డే.

అమ్మ నా పక్కకు జరిగింది. "ఒక్క కేక పెట్టు తల్లీ. కూతురివి. మీ నాయన్ను ఇట్ల మూగగా పంపిస్తామా?"

"నువ్వు పెట్టమ్మా."

"నాకు యాడ వస్తాది? కాపురానికొచ్చిన కొత్తలో మా అమ్మ పోయిందని తెలిసి ఏడ్చినా. గొంతు తగ్గించు, వీధిలో వింటారు అన్నాడు మీ తాత. అప్పుడు తగ్గించింది మళ్లా లెయ్యలే."

నోరు తెరిచాను. అమ్మ నా నోటికేసే చూస్తూ నిలబడింది. ఏమీ రాలేదు. మూసుకున్నాను.

నాయన్ను ఎత్తారు. వీధిలో ఆటోలు హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి పోయాయి. "ఎవరో పరాయి మనిషిని సాగనంపినట్టు పంపినాం" అని అమ్మ లోపలికి వెళ్లిపోయింది. తర్వాత నాతో అవసరానికి మించి మాట్లాడలేదు.

బడిలో ఆ పాఠం చెప్పిన రోజు సాయంత్రం ఇంటికి వచ్చేసరికి, మెట్ల దగ్గర ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు మా గనిలో రాయి చీల్చిన మనిషి. కొనకనమిట్ల దగ్గరి పల్లె నుంచి బస్సులో వచ్చానన్నాడు. చేతిలో శుభలేఖ.

"వందనాలమ్మా. మనవరాలి పెండ్లి, చర్చిలో. పెద్దాయన చేతిలోనే పెట్టాలని వచ్చినా. ఉన్నాడా?"

మాటలు విని అమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"నాయన చనిపోయారు. ఈమధ్యనే" అన్నాను.

ఆయన మెట్టు మీద కూలబడి తల పట్టుకున్నాడు. "అయ్యో దేవా! ఒక్క కబురన్నా పెట్టలేదేందమ్మా? మేం కానోళ్లమా? పల్లె పల్లె కదిలి వచ్చేటోళ్లం గదా!"

పిలిచినా రారని నాయన అనుకున్న మనుషులు వీళ్లే.

అప్పుడు అమ్మ కేక పెట్టింది. "ఓ నా సామీ! వచ్చేటోళ్లంటయ్యా! అందరూ వచ్చేటోళ్లంట! నిన్ను ఒంటిగా పంపితినే..." గుమ్మం పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. పక్కిళ్ల తలుపులు తెరుచుకున్నాయి. ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర మాటలు ఆగాయి. ఒక్కొక్కరే వచ్చి మెట్ల కింద నిలబడ్డారు.

నేను వెళ్లి పక్కన కూర్చుని ఆమె వీపు మీద చేయి వేశాను. వీపు చేతి కింద అదురుతోంది. అంత గొంతు ఆమెలో ఉందని ఇన్నేళ్లూ నాకు తెలియదు. నాయనకు తెలుసో లేదో, ఇక అడగడానికి లేదు.